మూడో బొమ్మ: పాత రేంజ్‌ఫైండర్ కెమెరా మరమ్మతు గురించి

రాజమహేంద్రవరంలో ఫొటోగ్రఫీ అభిమానుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం

పెద్దలకూ మిత్రులకూ నమస్కారం.

ఇంట్లో ఉన్న పాత కెమెరాలను వెంట తెచ్చుకోమని నిర్వాహకులు ముందుగానే కోరారు కాబట్టి ఈ పక్క బల్ల చాలావరకు నిండిపోయింది. యాషికా ఎలక్ట్రో 35లు ఎక్కువగా కనిపిస్తున్నాయి. వాటిలో కొన్ని సింగపూరు నుంచో గల్ఫు నుంచో బంధువులు తెచ్చినవని చెప్పారు. సోవియట్ జోర్కి 4లు ఉన్నాయి, ఒక ఫెడ్ 2 ఉంది, ఒక కానొనెట్ ఉంది. ఈ రకంలో పేరుమోసిన జర్మన్ లైకా లేదు. అందుకు ఎవరూ చిన్నబుచ్చుకోనక్కరలేదు. నేను చెప్పబోయేది లైకాకు ఎంత వర్తిస్తుందో జోర్కికీ అంతే వర్తిస్తుంది. ఇంతకుముందు ఒక్కొక్కరితో మాట్లాడినప్పుడు దాదాపు అందరూ చెప్పిన మాట ఒక్కటే: "కెమెరా పనిచేస్తుందండీ, కానీ ఫొటోలు మసకగా వస్తున్నాయి." ఈ రోజు నా ప్రసంగమంతా ఆ మసక గురించే.

రేంజ్‌ఫైండర్ కెమెరాలో మన కన్ను చూసే దారి వేరు, వెలుగు ఫిల్మును చేరే దారి వేరు. ఎస్సెల్లార్ కెమెరాలో లెన్సు గుండా వచ్చిన బొమ్మనే అద్దం మన కంటికి చూపిస్తుంది కాబట్టి ఫోకస్ తప్పితే ఆ తప్పు అక్కడికక్కడే తెలిసిపోతుంది. రేంజ్‌ఫైండర్‌లో ఆ వీలు లేదు. కెమెరా పైభాగంలో ఎడంగా రెండు కిటికీలు ఉంటాయి. పెద్ద కిటికీలోంచి దృశ్యాన్ని నేరుగా చూస్తాం. చిన్న కిటికీలోంచి వచ్చిన అదే దృశ్యం లోపల అద్దానికో పట్టకానికో తగిలి మలుపు తిరిగి, సగం వెలుగును పోనిచ్చి సగాన్ని వెనక్కి తిప్పే పలుచని అద్దం దగ్గర మొదటి దృశ్యంతో కలుస్తుంది. అందుకే వ్యూఫైండర్ మధ్యలో పసుపుపచ్చని చిన్న గడిలో బొమ్మ రెండుగా కనిపిస్తుంది. మనం లెన్సును తిప్పినప్పుడు దాని కదలిక ఒక చిన్న మీటకు అందుతుంది, ఆ మీట లోపలి అద్దాన్ని వెంట్రుకవాసి తిప్పుతుంది, రెండు బొమ్మలూ ఒకదాని మీదికి ఒకటి జరిగి ఒక్కటైన చోట ఫోకస్ కుదిరిందని మనం షట్టర్ మీట నొక్కేస్తాం. కానీ అప్పుడు కుదిరినవి కంటికి కనిపించే ఆ రెండు బొమ్మలు మాత్రమే. లెన్సు ఫిల్ము మీద వేసే మూడో బొమ్మను ఆ క్షణంలో ఎవరూ చూడటం లేదు. రేంజ్‌ఫైండర్ మరమ్మతు అంటే ఈ మూడు బొమ్మలకూ పొత్తు కుదర్చడం. పై రెండింటినీ కలిపేసి పని అయిపోయిందనుకునే మెకానిక్కు పనిని సగంలో వదిలేసినట్టే.

ఈ పొత్తు మొదటినుంచీ లేదు. 1925లో ఆస్కార్ బార్నాక్ రూపొందించిన తొలి లైకా బజారులోకి వచ్చినప్పుడు అందులో రేంజ్‌ఫైండరే లేదు. దూరాన్ని అంచనా వేసో, విడిగా దొరికే దూరమానితో కొలిచో, ఆ అంకెను లెన్సు మీద పెట్టుకునేవారు. ఈ రకం చిన్న కెమెరాలలో లెన్సుతో జతపడిన రేంజ్‌ఫైండర్ 1932లో లైకా 2తోనూ, అదే ఏడు జైస్ ఐకాన్ వారి కాంటాక్స్‌తోనూ వచ్చింది. ఖార్కివ్‌లో 1934 నుంచి తయారైన ఫెడ్, మాస్కో సమీపాన క్రాస్నొగోర్స్క్‌లో 1948 నుంచి తయారైన జోర్కి, రెండూ లైకా 2 నమూనా మీద మొదలైనవే. జపాను వారి కానొనెట్ 1961లో, యాషికా ఎలక్ట్రో 35 1966లో వచ్చాయి. ఈ బల్ల మీద వేర్వేరు దేశాల పేర్లు కనిపిస్తున్నా లోపలి సూత్రం ఒక్కటే, తేడా అంతా కొలతల్లో ఉంటుంది. రెండు కిటికీల మధ్య ఎడం ఎక్కువయ్యేకొద్దీ దూరం కచ్చితంగా తెలుస్తుంది. ఆ ఎడం జోర్కి 4లో 38 మిల్లీమీటర్లు, ఫెడ్ 2లో 67, కియెవ్ అనే మరో సోవియట్ కెమెరాలో 90. జోర్కిలో చిన్న తేడా కంటికి ఆనదని, కియెవ్‌లో అదే తేడా స్పష్టంగా పట్టుబడుతుందని దీన్నిబట్టి గ్రహించవచ్చు.

మరి అన్నేళ్ళు బాగానే వచ్చిన ఫొటోలు ఇప్పుడెందుకు మసకబారాయి? చాలా కెమెరాలలో ఈ దోషం ఎప్పటినుంచో ఉంది. వెలుగు దాన్ని దాచిపెట్టింది. 50 మిల్లీమీటర్ల లెన్సులో అపర్చర్‌ను, అంటే వెలుగు వచ్చే రంధ్రాన్ని, ఎఫ్/8 దాకా చిన్నది చేసి మూడు మీటర్ల దూరానికి ఫోకస్ చేస్తే, రమారమి 2.3 మీటర్ల నుంచి 4.2 మీటర్ల దాకా అన్నీ స్పష్టంగానే కనిపిస్తాయి. అదే రంధ్రాన్ని ఎఫ్/2 దాకా పెద్దది చేస్తే 2.8 నుంచి 3.2 మీటర్ల దాకానే స్పష్టత ఉంటుంది. ఒక మీటరు దూరంలో ఎఫ్/2 దగ్గర అది మొత్తం నాలుగున్నర సెంటీమీటర్లు మాత్రమే. కన్ను స్పష్టంగా ఉంటే చెవి మసకైపోతుంది. మన గోదావరి గట్టు మీద పట్టపగలు తీసిన ఫొటోలన్నీ ఎఫ్/8, ఎఫ్/11 దగ్గర తీసినవి. రేంజ్‌ఫైండర్ ఒక జానెడు తప్పినా ఆ ఫొటోలు చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు. పెళ్ళి పందిట్లోనో దీపాల వెలుగులోనో అపర్చర్ పూర్తిగా తెరిచినప్పుడు మాత్రమే దోషం బయటపడుతుంది. కాబట్టి మీ కెమెరా మసకగా తీస్తోందా అని తేల్చుకోవడానికి ఎండలో తీసిన ఫొటోలను సాక్ష్యంగా తీసుకోకండి.

కెమెరాను ఎవరి చేతికైనా ఇచ్చేముందు మీ అంతట మీరు చూసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. వీటికి ఒక్క స్క్రూ కూడా విప్పనక్కరలేదు. ముందు లెన్సు సంగతి. వెనక తలుపు తెరిచి, షట్టర్‌ను, అంటే ఫిల్ముకు వెలుగును అడ్డే తెరను, బి గుర్తు దగ్గర పెట్టి, అపర్చర్ పూర్తిగా తెరిచి, మీట నొక్కి పట్టుకుని, వెనకనుంచి టార్చి వెలుగును ఏటవాలుగా వేసి ముందునుంచి చూడాలి. దారప్పోగుల్లా అల్లుకున్న తెల్లని గీతలు కనిపిస్తే అది బూజు, అంటే ఫంగస్. అద్దమంతా ఆవిరి పట్టినట్టు సమంగా మసకగా ఉంటే అది పాత గ్రీజు ఆవిరై అద్దం మీద పేరిన పొర కావచ్చు. అంచున ఇంద్రధనుస్సు రంగులు కనిపిస్తే, రెండు అద్దాలను అతికించిన జిగురు విడిపోతోందని అర్థం; దీన్ని బాగుచేయడం ఖర్చుతో కూడిన పని, కొద్దిగా ఉంటే అలా వదిలేయడమే మేలు. రేంజ్‌ఫైండర్ ఎంత బాగా కుదిరినా ఇలాంటి లెన్సు మసకగానే తీస్తుంది. మసక లెన్సుదా, ఫోకస్‌దా అన్నది తేలకుండా కెమెరాను విప్పించడం వృథా.

తర్వాత షట్టర్. జోర్కి, ఫెడ్ కెమెరాలలో ఫిల్ముకు ముందు రబ్బరు పూసిన గుడ్డ తెరలు రెండు ఉంటాయి. ఎస్సెల్లార్‌లో లాగా లెన్సుకూ తెరకూ మధ్య అద్దం అడ్డుండదు కాబట్టి, మూత పెట్టకుండా కెమెరాను సూర్యుడి వైపు వదిలేస్తే లెన్సు ఎండను ఒకచోట పోగుచేసి గుడ్డకు చిల్లు పెట్టేస్తుంది. చీకటిగదిలో వెనక తలుపు తీసి, లెన్సు ముందునుంచి టార్చి వేసి చూస్తే సూదిమొన అంత వెలుగు చుక్కలు కనిపిస్తాయి. రీలు తిప్పే ముందు ఒకసారి, తిప్పిన తర్వాత ఒకసారి చూడాలి, ఎందుకంటే తెరలు రెండు. వేగాలను పరీక్షించడానికి ఇప్పుడు చేతిలో ఫోను ఉంది. సెకనుకు 240 ఫ్రేములు తీసే స్లోమోషన్ వీడియోలో 1/30 వేగం సుమారు 8 ఫ్రేముల పాటు తెరిచి కనిపించాలి, 1/60 అయితే 4 ఫ్రేములు. అంతకంటే ఎక్కువ వేగాలకు ఫోను చాలదు, అది మెకానిక్కు దగ్గర ఉండే టెస్టర్ పని. జోర్కి 4 ఉన్నవారికి ఒక హెచ్చరిక: వేగాన్ని మార్చేది రీలు తిప్పిన తర్వాతనే. తిప్పకముందు మార్చితే లోపలి యంత్రం దెబ్బతింటుంది. అరువు తీసుకున్నవారు ఈ సంగతి తెలియక పాడుచేసిన జోర్కిలు చాలా ఉన్నాయి.

యాషికా ఎలక్ట్రో 35 సంగతి వేరు. అందులో షట్టర్ వేగాన్ని ఎలక్ట్రానిక్ సర్క్యూటు నిర్ణయిస్తుంది. బ్యాటరీ లేకపోతే అది ఎప్పుడూ 1/500 దగ్గరే పడుతుంది, కాబట్టి "షట్టర్ పడుతోంది" అన్నంతమాత్రాన అది బాగున్నట్టు కాదు. దాని అసలు బ్యాటరీ 5.6 వోల్టుల పాదరసపు బ్యాటరీ, ఇప్పుడు దొరకదు. 6 వోల్టుల ఆల్కలైన్ బ్యాటరీని ఒక చిన్న అడాప్టరుతో అందులో పెట్టవచ్చు. బ్యాటరీతో నడిచే తర్వాతి కానొనెట్లకు కావలసింది 1.35 వోల్టుల పాదరసపు బ్యాటరీ. పాదరసం వాడకాన్ని తగ్గించేందుకు 2013లో మినమాటా ఒప్పందం కుదరడానికి ముందే చాలా దేశాలలో ఆ బ్యాటరీలు కనుమరుగయ్యాయి. ప్రస్తుతానికి వినికిడి యంత్రాలలో వేసే 675 రకం జింక్ ఎయిర్ సెల్లు 1.4 వోల్టులతో దానికి దగ్గరగా వస్తుంది, వినికిడి యంత్రాలు అమ్మే దుకాణంలో దొరుకుతుంది. ఎలక్ట్రోలో ఇంకొకటి చూడాలి. రీలు తిప్పే మీటను చివరిదాకా లాగినప్పుడు లోపలినుంచి "టక్" మని ఒక శబ్దం స్పష్టంగా వినిపించాలి. అది వినిపించకపోతే, లోపల ఒక చిన్న రబ్బరు ముక్క కాలక్రమాన జిగురై కరిగిపోయిందని అనుమానించాలి. ముక్క విలువ అణాపైసల్లో ఉంటుంది, దాని దగ్గరకు చేరడానికి మాత్రం సగం కెమెరా విప్పాలి.

ఇక మన డెల్టా తేమ గురించి కాస్త వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే వేరే ఊళ్ళ మెకానిక్కులు రాసిన సలహాలు మనకు పూర్తిగా సరిపోవు. నాలుగు వైపులా కాలువలు, చెరువులు, వరిచేలు, ఒక పక్క సముద్రం ఉన్న ప్రాంతం మనది. తొలకరి మొదలు తుఫానుల కాలం దాటేదాకా గాలిలో తేమ తగ్గదు. గాలిలో తేమ 65, 70 శాతం దాటి వారాల తరబడి నిలిస్తే లెన్సు మీద బూజు పెరగడానికి అంతకంటే అనుకూలం ఇంకేమీ అక్కరలేదు. బూజు పైపైన ఉన్నప్పుడు శుభ్రం చేస్తే పోతుంది. వదిలేస్తే అది విడుదల చేసే ఆమ్లాలు లెన్సు మీది పూతను, ఆ తర్వాత గాజును కూడా తినేస్తాయి; అప్పుడు ఏ మెకానిక్కూ ఏమీ చేయలేడు. కెమెరాతోపాటు వచ్చిన తోలు సంచి చాలా అందంగా ఉంటుంది, దాన్ని అపురూపంగా దాచుకోండి, కానీ కెమెరాను అందులో ఉంచకండి. తోలు తేమను పీల్చి పట్టి ఉంచుతుంది, బూజుకు తిండి కూడా అదే. గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ వేసి, లోపల ఒక చిన్న తేమమాని పెట్టి, 40 నుంచి 50 శాతం మధ్య ఉండేలా చూసుకుంటే చాలు. సిలికా జెల్ గింజల రంగు మారినప్పుడు వేడిచేసి ఆరబెట్టి మళ్ళీ వాడుకోవచ్చు.

ముందు వరుసలో కూర్చున్న ఒక పెద్దాయన, సభ మొదలయ్యే ముందు, బియ్యం డబ్బాలో పెడితే సరిపోదా అని అడిగారు. తడిసిన ఫోనును బియ్యంలో పెట్టే అలవాటు మనందరికీ ఉంది. కెమెరాకు అది మంచిది కాదండీ. బియ్యానికి తేమను లాగే శక్తి తక్కువ, పైగా దాని పిండి దుమ్ము షట్టర్ రేకుల మధ్యకూ లెన్సు మరల్లోకీ చేరుతుంది. కోనసీమ మిత్రులకు ఇంకొక మనవి. మర గట్టిగా తిరుగుతోందని కొబ్బరినూనె చుక్క వేసిన కెమెరాలు నా చేతికి వచ్చాయి. కొబ్బరినూనె 24, 25 డిగ్రీల దగ్గరే పేరుకుంటుంది. మార్గశిరంలో తెల్లవారుజామున సీసాలో గడ్డకట్టే నూనె కెమెరాలోనూ గడ్డకడుతుంది. కుట్టుమిషను నూనె గడ్డకట్టదు కానీ ఒకచోట నిలవదు, మెల్లగా పాకి అపర్చర్ రేకుల మీదికి చేరుతుంది. ఎలక్ట్రో, కానొనెట్‌లలో లెన్సు మధ్యనే ఉండే లీఫ్ షట్టర్ రేకులు కాగితం కంటే పలుచన, వాటికి నూనె తగిలితే ఒకదానికొకటి అంటుకుపోతాయి. అవి పొడిగా ఉండాలి. షట్టర్ అంటుకుపోయిందని లైటరు పెట్రోలు పోసేవారూ ఉన్నారు. అది పాత గ్రీజును కరిగించి లెన్సు లోపలి అద్దాల మీదికి మోసుకెళ్తుంది, నాలుగు వారాలు పనిచేసినట్టు కనిపించి మళ్ళీ బిగుసుకుంటుంది. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందన్నది ఇలాంటి వైద్యం గురించే.

ఇప్పుడు రేంజ్‌ఫైండర్‌ను సరిచేసే పని. ఇందులో క్రమం ముఖ్యం. మొదట లెన్సు ఫిల్ముకు సరైన దూరంలో ఉందా అన్నది తేల్చాలి, ఆ తర్వాతే పై రెండు బొమ్మల జోలికి పోవాలి. జోర్కి, ఫెడ్, పాత లైకాలలో లెన్సు బిగించే వలయం నుంచి ఫిల్ము దాకా ఉండవలసిన దూరం 28.8 మిల్లీమీటర్లు. కర్మాగారంలో ప్రతి కెమెరాకూ విడివిడిగా ఆ దూరాన్ని సరిచేసేవారు. ఆ వలయం కింద కాగితంతోనో పలుచని రేకుతోనో చేసిన వాషర్లు ఉంటాయి. ఒక్కొక్క కెమెరాలో వాటి సంఖ్య, మందం వేరుగా ఉంటాయి. ఒక మిత్రుడి జోర్కి సర్వీసింగ్‌కు వెళ్ళి, తళతళలాడుతూ, షట్టర్ చక్కగా పడుతూ, రెండు బొమ్మలూ చక్కగా కలుస్తూ తిరిగివచ్చింది, కానీ ఒక్క ఫొటో కూడా స్పష్టంగా రాలేదు. విప్పి చూస్తే వలయం కింద ఉండవలసిన కాగితపు వాషరు లేదు. విప్పినప్పుడు అది బల్ల మీద పడి ఊడ్చేసిన చెత్తలో పోయి ఉంటుంది. ఒక వాషరు మందం వెంట్రుకంత. కానీ ఎఫ్/2 దగ్గర, ఫిల్ము మీద, ఆ వెంట్రుకమందమే స్పష్టతకూ మసకకూ మధ్య ఉన్న తేడా.

దీన్ని చూసే పద్ధతి ఏ ఇంట్లోనైనా చేయదగినది. గరుకుచేసిన చిన్న గాజుపలకను, ఒక పక్క మాత్రమే గరుకుగా ఉన్నదాన్ని తీసుకుని, గరుకు వైపు లెన్సుకు ఎదురుగా ఉండేలా ఫిల్ము దారిలో పెట్టాలి. ఫిల్ము గడికి పైనా కిందా రెండేసి పట్టాలు ఉంటాయి. ఫిల్ము ఆనేది లోపలి పట్టాల మీద, పలక కూడా వాటిమీదే ఆనాలి. సెల్లోటేపు వాడమని కొందరు చెప్తారు, కానీ అది మధ్యలో వంగుతుంది, అంత నమ్మకం పెట్టుకోలేం. షట్టర్‌ను బి దగ్గర తెరిచి ఉంచి, అపర్చర్ పూర్తిగా తీసి, లెన్సును ఇన్ఫినిటీ, అంటే అంతులేని దూరం, గుర్తు దగ్గర ఆపి, పలక మీది తలకిందులు బొమ్మను భూతద్దంతో చూడాలి. దూరపు వస్తువు అక్కడ పదునుగా ఉంటే లెన్సు సరిగా ఉన్నట్టే. లేకపోతే సంగతి వాషర్ల దగ్గర ఉంది, రేంజ్‌ఫైండర్ దగ్గర కాదు. నేను చెప్తూ వచ్చిన మూడో బొమ్మను చూడగలిగేది ఇక్కడ, ఈ గాజుపలక మీదనే.

ఇంతకూ దూరపు వస్తువు ఏది? మన డెల్టా నేల బల్లపరుపు. కొండలు లేవు. కోనసీమలో ఇంటి చుట్టూ కొబ్బరిచెట్లు కమ్ముకుని ఉంటాయి, ఏ వైపు చూసినా ఫర్లాంగు దూరంలో చూపు ఆగిపోతుంది. అందువల్ల నది దగ్గరకు పోవాలి. ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమిగా, వశిష్ఠగా చీలేచోట గట్టెక్కితే కావలసినంత దూరం కనిపిస్తుంది. యానాం, నరసాపురం రేవుల్లో కూడా. ఇక్కడ రాజమహేంద్రవరంలో పుష్కరఘాట్ చాలు. అవతల కొవ్వూరు గట్టు కిలోమీటర్ల దూరంలో ఉంది, మనకు అర కిలోమీటరు దాటితే సరిపోతుంది. అయితే ఘాటులో నిలబడగానే ఎదురుగా కనిపించే ఆర్చి వంతెన కంటికి ఇంపుగా ఉన్నా ఈ పనికి అంత మంచిది కాదు. రేంజ్‌ఫైండర్‌లో రెండో బొమ్మ అడ్డంగా జరుగుతుంది కాబట్టి మనకు నిలువు గీతలు కావాలి, ఆ మాట నిజమే. వంతెనకు అవి కావలసినన్ని ఉన్నాయి. 1997లో పూర్తయిన ఆ వంతెనకు 28 విల్లులు, ఒక్కొక్క విల్లునుంచి కిందికి వరసగా వేలాడే నిలువు కడ్డీలు. అన్నీ ఒక్కలాంటివి. ఒక కడ్డీ నీడబొమ్మ, అంటే చిన్న కిటికీలోంచి వచ్చే రెండో బొమ్మ, పక్క కడ్డీ మీద పడి చక్కగా అతికినట్టు కనిపిస్తుంది, మనం కుదిరిందనుకుని స్క్రూ బిగిస్తాం. పక్కన వాడుకలో లేని హేవలాక్ వంతెన స్తంభాలతోనూ ఇదే చిక్కు. కాబట్టి వరసలో లేని ఒంటరి వస్తువును ఎంచుకోండి: ఆవలి గట్టున ఒంటిగా నిలిచిన తాటిచెట్టు, లేదా సెల్ టవరు, వెనక ఆకాశం తెల్లగా ఉన్నది. వేళ కూడా చూసుకోవాలి. తొమ్మిది దాటితే ఇసుకతిన్నెల మీద గాలి వేడెక్కి దూరపు చెట్టు అలలాగా ఊగుతుంది, ఆ ఊగేదాన్ని దేనితో కలుపుతాం? పొద్దు పొడిచిన గంటలోపు, మంచు లేని రోజున పని ముగించాలి.

అక్కడ కెమెరాను స్టాండు మీద బిగించి, లెన్సును ఇన్ఫినిటీ దగ్గర ఆపి, పసుపు గడిలో ఆ తాటిచెట్టును చూడండి. రెండు చెట్లు ఒకదాని పక్కన ఒకటి కనిపిస్తే అడ్డంగా తేడా ఉంది. ఒకదాని కంటే ఒకటి ఎత్తుగా కనిపిస్తే నిలువుగా తేడా ఉంది. ముందు నిలువు తేడా తీసేయాలి, ఎందుకంటే అది ఉన్నంతసేపూ అడ్డం తేడాను కన్ను సరిగా పట్టలేదు. జోర్కిలో ముందువైపు ఒక చిన్న మూత స్క్రూ వెనక అడ్డం సర్దుబాటు, చిన్న కిటికీ చుట్టూ ఉన్న వలయం వెనక నిలువు సర్దుబాటు ఉంటాయి. ఎలక్ట్రోలోనూ కానొనెట్‌లోనూ పై మూత తీయాలి. జపాను కెమెరాలకు మామూలు ప్లస్ స్క్రూడ్రైవరు పెట్టకండి. వాటి స్క్రూల కోణం జేఐఎస్ అనే జపాను ప్రమాణం పద్ధతిది, మామూలుది జారి తల అరిగిపోతుంది. పై మూత తీసినప్పుడు కనిపించే సగం పూత అద్దాన్ని దూదితో తుడవాలని అందరికీ అనిపిస్తుంది. పాత కెమెరాలలో ఆ పూత చాలా మెత్తన, ఒక్క తుడుపుతో ఊడి వచ్చేస్తుంది, ఆ తర్వాత నీడబొమ్మే కనిపించదు. బ్లోయరుతో ఊదండి, అంతవరకే. ఇన్ఫినిటీ కుదిరాక ఇంటికి వచ్చి, టేపుతో కొలిచి, ఒక మీటరు దగ్గరా మళ్ళీ చూడాలి. దూరంలో సరిగా ఉండి దగ్గర తప్పితే, లోపం లెన్సును అనుసరించే మీటలో ఉంది. దాన్ని వంచడమో తిప్పడమో నేర్పరి చేయవలసిన పని, ఇంట్లో ప్రయత్నించవద్దని చేతులు జోడించి చెప్తున్నాను.

ఆ నేర్పరి ఎక్కడ ఉన్నాడన్నది మీ తర్వాతి ప్రశ్న. స్టూడియోలు ఫిల్ము మీద నడిచిన రోజుల్లో మన పట్టణాలలో కెమెరా మెకానిక్కులు ఉండేవారు. వారిలో కొందరు చేతిగడియారాలవైపు, కొందరు సెల్‌ఫోన్లవైపు మళ్ళారు. చేతిపని పోలేదు, పని తెచ్చేవారు పోయారు. ఊళ్ళో అలాంటి పెద్దవారు ఉంటే ముందు వారి దగ్గరకే వెళ్ళండి. లేకపోతే హైదరాబాదు కోఠీకో చెన్నైకో బెంగళూరుకో పంపాలి. పంపేముందు ఫోనులో మాట్లాడి ఒకే ప్రశ్న అడగండి: ఫోకస్‌ను ఫిల్ము పట్టాల మీద గాజుపలక పెట్టి చూస్తారా, లేక వ్యూఫైండర్‌లో మాత్రమే చూస్తారా? మొదటి జవాబు చెప్పినవారికే ఇవ్వండి. వారు ఎక్కువ తీసుకుంటే బేరమాడకండి. రెండు రోజుల పని అది, విడిభాగాలు ఎక్కడా తయారుకావు, వేరొక చెడిపోయిన కెమెరాను కొని అందులోంచి తీయవలసి ఉంటుంది. కెమెరాతో ఒక కాగితం రాసి పెట్టండి. "బాగుచేయండి" అని రాయవద్దు. ఇన్ఫినిటీ దగ్గర నీడబొమ్మ ఎటువైపు తప్పింది, ఏ వేగాలు ఆగుతున్నాయి, లెన్సులో ఏ అద్దం మీద బూజు ఉంది, ఏవి ముట్టుకోవద్దు, ఇవన్నీ రాయండి. విప్పిన వాషర్లను వాటి స్థానంలోనే తిరిగి వేయమని ఒక వాక్యం చేర్చండి. పార్సిలు కట్టేముందు ఫిల్ము, బ్యాటరీ తీసేసి, షట్టర్‌ను వదిలి ఉంచండి.

కెమెరా తిరిగివచ్చిన రోజే పెళ్ళికో పుష్కరాలకో తీసుకుపోకండి. ముందు ఒక తెలుపు నలుపు రీలు పరీక్షకు కేటాయించండి. వార్తాపత్రిక ఒకటి బల్ల మీద ఏటవాలుగా పరిచి, మధ్యలో ఒక శీర్షిక మీద రంగు గీత గీసి, స్టాండు మీదనుంచి, అపర్చర్ పూర్తిగా తెరిచి, ఒక మీటరు దూరంలో ఆ గీత మీద ఫోకస్ చేసి తీయండి. మూడు మీటర్ల దగ్గర ఒక మనిషిని నిలబెట్టి తీయండి. ఆ తర్వాత నది ఒడ్డున ఆ ఒంటరి తాటిచెట్టు. ప్రతి ఫ్రేముకూ దూరం, అపర్చర్, వేగం రాసుకోండి. నెగటివ్‌ను భూతద్దంతో చూడండి, ఫోనుతో తీసిన కాపీని చూసి తీర్పు చెప్పవద్దు. గీత కంటే ముందున్న అక్షరాలు పదునుగా ఉన్నాయా, వెనకవా అన్నది స్పష్టంగా కనిపిస్తుంది. మూడు దూరాలలోనూ ఒకే వైపు తప్పితే లెన్సు దూరాన్ని, ఇన్ఫినిటీ సర్దుబాటును మళ్ళీ చూడమనండి. దగ్గర మాత్రమే తప్పితే మీటను చూడమనండి. ఆ నెగటివ్ ముక్కను, మీరు రాసుకున్న కాగితాన్ని కలిపి పంపితే ఏ మంచి మెకానిక్కూ విసుక్కోడు. అంతకుమించిన సాక్ష్యం అతనికి ఇంకెవరూ ఇచ్చి ఉండరు.

ఇక బల్ల దగ్గరకు వెళ్దాం. నేను రెండు గాజుపలకలు, ఒక భూతద్దం, కేబుల్ రిలీజు తెచ్చాను. మేడ మీదనుంచి నది కనిపిస్తుంది, ఇంకా చల్లగానే ఉంది. ముందు జోర్కిలు, ఎందుకంటే వాటి వెనక మూత పూర్తిగా ఊడివస్తుంది, పలక పెట్టడం తేలిక. ఎలక్ట్రోలు తర్వాత చూద్దాం. రీలు ఉన్న కెమెరాలను దయచేసి పక్కన పెట్టండి, వెనక తలుపు తీస్తే ఫిల్ము పాడైపోతుంది.